ఏ విమానం ఎందుకు దిగిందో మాకు చెప్పండి: దక్షిణాఫ్రికా విదేశాంగ పెద్దలకు బహిరంగ లేఖ

విదేశాంగ శాఖ పెద్దలకు, పార్లమెంటు సభ్యులకు, ప్రిటోరియాలో కూర్చుని బయటి దేశాలతో మన సంగతులు తేల్చే వాళ్లందరికీ,

నమస్కారం.

నేను 2006లో డర్బన్ వచ్చిన తెలుగువాణ్ణి. పుట్టింది అనకాపల్లి దగ్గర. ఇక్కడ ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాస్తాను, పన్ను కడతాను, శాశ్వత నివాసం ఉంది, ఓటు లేదు. కింద రాసిన సంగతులన్నీ ఇదివరకే ఇంగ్లీషులో రెండుసార్లు ఒక కార్యాలయానికి రాసి పంపాను. మొదటిదానికి 'మీ ఉత్తరం అందింది' అని కంప్యూటర్ దానంతటదే పంపే జవాబు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ పెట్టి ఎవర్నీ అల్లరి చెయ్యాలని లేదు. గోడకి చెప్పుకునేదేదో నలుగురూ వినేలా చెప్పుకుందామని, నాకు బాగా వచ్చిన భాషలో రాస్తున్నాను.

ఈ దేశంలో తెలుగెవరికి కావాలి అనకండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ చెరుకు తోటల కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా వచ్చిన లక్షన్నర మందిలో విశాఖపట్నం, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆంధ్ర మహాసభ ఇక్కడ 1931లోనే పెట్టుకున్నారు. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడకి తెలుగులో వచ్చినవి రెండు భజనలూ, 'అన్నం తిన్నావా' అన్న మాటా అంతే, తాతది విశాఖ జిల్లా అని మాత్రం గుర్తుపెట్టుకుంది. అంచేత విదేశాంగ విధానం అనేది మాలాంటివాళ్లకి టీవీలో కనిపించే కరచాలనాల వ్యవహారం కాదు. మేమిక్కడ ఉన్నదే రెండు ప్రభుత్వాలు ఒకప్పుడు కాగితాల మీద చేసుకున్న ఏర్పాటు వల్ల.

1994లో తెల్లవాళ్ల జాతివివక్ష పాలన పోయాక మీరు సాధించింది చిన్నదేమీ కాదు. సంవత్సరం తిరక్కుండానే కామన్వెల్త్‌లో, ఆఫ్రికా ఐక్య సంస్థలో, ఐక్యరాజ్యసమితిలో ఈ దేశానికి చోటు దొరికింది. ఆఫ్రికన్ యూనియన్ పుట్టింది 2002లో మా డర్బన్‌లోనే. బురుండీలో యుద్ధం ఆపడానికి మండేలా స్వయంగా మధ్యవర్తిగా కూర్చున్నారు, కాంగోలో కొట్టుకుంటున్న వర్గాలను 2002లో సన్ సిటీకి పిలిచి మాట్లాడించారు. జీ20 సభ మొదటిసారి ఆఫ్రికా నేల మీద జరిగింది 2025 నవంబరులో జొహానెస్‌బర్గ్‌లో. ఇవన్నీ ఒప్పుకుంటాను. పొగడ్త ఇక్కడితో చాలు, అసలు సంగతికొస్తాను.

1993 చివర్లో, అధికారంలోకి ఇంకా రాకముందే, మండేలా ఒక అమెరికా పత్రికలో వ్యాసం రాశారు. రేపటి దక్షిణాఫ్రికా బయటి దేశాలతో ఎలా ఉంటుందో చెప్పారు. మానవ హక్కులే మాకు దారి చూపే దీపం అన్నది దాని సారం. ఊరికే అన్న మాట కాదది, ఎందుకంటే ఈ దేశానికి స్వేచ్ఛ రావడంలో బయటివాళ్లు 'అది వాళ్ల ఇంటి గొడవలే' అని ఊరుకోకపోవడానికి చాలా పెద్ద వాటా ఉంది. ఇండియాకి ఇంకా స్వతంత్రమే రాలేదు, 1946లోనే ఇక్కడి భారతీయుల మీద పెట్టిన భూమి చట్టం గురించి ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది, దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. 1974లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దక్షిణాఫ్రికా ప్రతినిధులను కూర్చోనివ్వలేదు. జాంబియా తన రాజధాని లుసాకాలో మండేలా పార్టీ ఏఎన్‌సీకి చోటిచ్చింది. అలా చోటిచ్చిన పాపానికి మొజాంబిక్‌లోని మటోలా మీద 1981లో, లెసోతో రాజధాని మసేరు మీద 1982లో ఇక్కడి తెల్ల ప్రభుత్వ సైన్యం రాత్రిపూట పడింది. మసేరులో ఆ ఒక్క రాత్రే 42 మంది చచ్చిపోయారు, అందులో 12 మంది లెసోతో దేశస్థులే. వాళ్లకేం సంబంధం? పక్కింటివాళ్లకి తలుపు తీశారు, అంతే. ఈ బాకీ సంగతి కింద మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆ దీపం ఎక్కడ తగ్గింది? నాకు అర్థమైనంతవరకు 1995 నవంబరులో. నైజీరియాలో సైనిక నియంత అబాచా ప్రభుత్వం తన ప్రాంతం కోసం పోరాడిన రచయిత కెన్ సారో-వివాని, ఇంకో ఎనిమిది మందిని ఉరి తీసింది. సరిగ్గా అప్పుడే ఆక్లాండ్‌లో కామన్వెల్త్ సభ జరుగుతోంది, మండేలా అక్కడే ఉన్నారు. అప్పటిదాకా మెల్లగా చెప్పి ఒప్పిద్దామనుకున్న ఆయన మండిపడి ఆంక్షలు పెట్టాలన్నారు, చమురు కొనడం ఆపాలన్నారు. నైజీరియాని కామన్వెల్త్ నుంచి పక్కన పెట్టారు గానీ ఆంక్షల మాటకి వచ్చేసరికి ఆఫ్రికాలో ఒక్కరూ వెంట నడవలేదు. పైగా ఆఫ్రికా ఐకమత్యం చెడగొడుతున్నాడని నిందలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది మండేలా పరిస్థితి. ఇంకెప్పుడూ ఒంటరిగా ముందుకు రాకూడదన్న పాఠం మీరు అప్పుడు నేర్చుకున్నారు. నేర్చుకోవడం తప్పని నేననను, చుట్టుపక్కలవాళ్లని కలుపుకోకుండా ఏ దేశం పనీ జరగదు. కానీ ఆ పాఠంతో పాటు ఇంకోటి కూడా అంటుకుంది: బయటి సంగతులు తలుపులు మూసుకుని మాట్లాడుకోవాలి, జనానికి తర్వాత చెప్పొచ్చు, చెప్పకపోయినా ఫరవాలేదు.

జింబాబ్వే చూడండి. 2002లో అక్కడ అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఇక్కడి నుంచి వెళ్లిన అధికారిక పరిశీలకులు ఎన్నిక చెల్లుతుందన్నారు. అదే సమయంలో మన అధ్యక్షుడు ఎంబెకి ఇద్దరు న్యాయమూర్తులను, ఖంపెపేని, మొసెనెకెని, విడిగా పంపారు. ఆ ఎన్నిక స్వేచ్ఛగా, న్యాయంగా జరిగిందని అనలేం అని వాళ్లు నివేదిక రాసిచ్చారు. ఆ నివేదిక మాకు ఎప్పుడు కనబడింది? 2014లో. పన్నెండేళ్లు. అదీ మీరు ఇవ్వలేదు, మెయిల్ అండ్ గార్డియన్ పత్రిక కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి తెచ్చుకుంది. ఈలోగా జింబాబ్వేలో డబ్బు చిత్తుకాగితమైంది, జనం లింపోపో నది దాటి ఇటు వచ్చేశారు.

2008 ఏప్రిల్ నాకు బాగా గుర్తు, అప్పటికి డర్బన్ వచ్చి రెండేళ్లు. మళ్లీ జింబాబ్వే ఎన్నికలు, ఫలితాలు వారాల తరబడి ప్రకటించట్లేదు. ఎంబెకి జింబాబ్వే రాజధాని హరారే వెళ్లి అక్కడి అధ్యక్షుడు ముగాబేని కలిసి బయటికొచ్చి, దీన్ని సంక్షోభం అననన్నారు. ఆ రోజుల్లోనే జింబాబ్వే సైన్యానికి తూటాలు మోసుకుని ఒక చైనా ఓడ మా రేవు బయట లంగరేసింది. వ్యాపారం చట్టబద్ధమే, మేం అడ్డుకోలేం అంది ప్రభుత్వం. అడ్డుకున్నది ఎవరో తెలుసా? రేవు కార్మికులు. మేం దించం అన్నారు. రవాణా కార్మికుల సంఘం వెనక నిలబడింది, ఒక ఆంగ్లికన్ బిషప్ కోర్టుకెళ్లారు, కోర్టు ఆపమంది, ఓడ లంగరెత్తుకుని పోయింది. 1993లో వెలిగించిన దీపాన్ని ఆ వారం పట్టుకున్నది మంత్రులు కాదు, భుజాల మీద బరువులు మోసుకునేవాళ్లు. మా పాత ఆఫీసు రేవుకి దగ్గరే. ఆ రోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ ఈ మాటే అనుకున్నాం.

ఇక వాటర్‌క్లూఫ్ గురించి. ప్రిటోరియా పక్కనున్న ఆ వైమానిక స్థావరం గురించి నాకేదో పిచ్చి పట్టిందని మా ఆవిడ అంటుంది. కానీ మీరే చూడండి. 2013 మార్చిలో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బంగీలో తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో పోయిన 13 మంది సైనికుల శవపేటికలు అక్కడ దిగాయి. వాళ్లని అంతదూరం ఎందుకు పంపారో, ఎవరి ఆస్తిని కాపాడటానికో నాకు ఈరోజుకీ సరైన సమాధానం కనబడలేదు. నెల తిరిగిందో లేదో, ఏప్రిల్ 30న, అదే స్థావరంలో, అప్పటి అధ్యక్షుడు జుమాకి దగ్గరి వ్యాపారులైన గుప్తాల ఇంటి పెళ్లికి ఇండియా నుంచి రెండువందల మంది అతిథులతో విమానం దిగింది. చెప్పడానికి సిగ్గేస్తుంది, మా దేశం వాళ్లే. ఆ వ్యవహారంలో తప్పు ఒప్పుకున్న ప్రోటోకాల్ అధికారిని తర్వాత నెదర్లాండ్స్‌కి రాయబారిగా పంపారు. 2015 జూన్‌లో సూడాన్ అధ్యక్షుడు బషీర్ ఆఫ్రికన్ యూనియన్ సభకని వచ్చారు, ఆయన మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంటు ఉంది, దేశం దాటనివ్వొద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించింది. ఆయన దేశంలోనే ఉన్నారని ప్రభుత్వ లాయరు కోర్టులో చెప్తుండగానే విమానం వాటర్‌క్లూఫ్ నుంచి ఎగిరిపోయింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు కాంగోలో పోయిన 14 మంది అక్కడికే వచ్చారు, జెండాలు కప్పుకుని.

ఈ నాలుగింటిలో ఒక్కదాని గురించైనా మాకు ముందు చెప్పారా? ఈ దేశంలో విదేశాంగ విధానం జనానికి కోర్టు ద్వారానో, పత్రిక ద్వారానో, శవపేటిక ద్వారానో తెలుస్తోంది. నా అసలు ఫిర్యాదు ఇదే. మీరు రష్యా పక్కన నిలబడ్డారా, అమెరికా పక్కన నిలబడ్డారా అన్నది రెండో సంగతి. నిర్ణయం మీరు చేస్తారు, దాని ఖర్చు మేం కడతాం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఎవరు ఎంత కట్టారో వరసగా చెప్తాను.

1. సైనికుల కుటుంబాలు. కాంగోకి 2,900 మంది సైనికులను పంపడానికి 2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడు అనుమతిచ్చారు, ఆ ఏడాది డిసెంబరు దాకా ఖర్చు 237 కోట్ల ర్యాండ్లు అన్నారు. సరిపడా విమానాలూ హెలికాప్టర్లూ లేకుండా పంపుతున్నారని సైనికుల సంఘం మొత్తుకుంది, ప్రతిపక్షం మొత్తుకుంది. 2025 జనవరిలో తూర్పు కాంగోలోని గోమా నగరం ఎం23 అనే తిరుగుబాటు దళం చేతికి పోయింది, 14 మంది చనిపోయారు, మిగిలినవాళ్లు శత్రువు చుట్టుముట్టిన శిబిరాల్లో వారాల తరబడి ఇరుక్కుపోయారు, మన సైనికులు ఏ ప్రాంతీయ దళంలో భాగంగా వెళ్లారో మార్చిలో ఆ దళాన్నే ఎత్తేశారు. రాజ్యాంగం 201వ సెక్షను ప్రకారం సైన్యాన్ని పంపితే ఎందుకు, ఎక్కడికి, ఎంతమందిని, ఎంతకాలం అన్నది పార్లమెంటుకి వెంటనే తెలియజేయాలి. తెలియజేశారు, ఒక ఉత్తరం రాశారు. ఉత్తరం రాస్తే సరిపోతుందా? ఏ తల్లికైనా నా కొడుకు మీద ఆకాశం నుంచి గుండు పడితే అడ్డేదేముంది అని అడిగే హక్కుంది కదా, ఆ ప్రశ్న ఆవిడ తరఫున ముందే అడగాల్సినవాళ్లు పార్లమెంటులో ఉన్నారు.

2. పక్క దేశాల నుంచి వచ్చినవాళ్లు. దీని గురించి ఎక్కువ రాస్తాను, తప్పదు. ఎంబెకి హరారేలో సంక్షోభం లేదన్న నెలకి, 2008 మేలో, జొహానెస్‌బర్గ్ పేదల బస్తీ అలెగ్జాండ్రాలో బయటి దేశాలవాళ్ల మీద మొదలైన దాడులు దేశమంతా పాకాయి. 62 మంది చచ్చిపోయారు. వాళ్లలో 21 మంది దక్షిణాఫ్రికా వాళ్లే, భాష తేడాగా ఉందనో, రంగు మరీ నలుపనో బయటివాళ్లని పొరబడి చంపేశారు. మొజాంబిక్ మనిషిని ఒకణ్ణి నడివీధిలో తగలబెట్టారు. మటోలాలో, మసేరులో తలుపు తీసినవాళ్ల పిల్లలకి మనం తీర్చిన బాకీ ఇది. 2015లో మా డర్బన్‌లోనే మళ్లీ. ఆ వారం మా వీధిలో సోమాలీ అతని కొట్టుకి షట్టరు వేసే ఉంది, పాలప్యాకెట్టు కోసం వెళ్లి వెనక్కి వచ్చాను, ఆ షట్టరు ముందు నిలబడితే నాకు మొదటిసారి భయమేసింది, ఎందుకంటే నేనూ బయటివాణ్ణే. 2019లో మళ్లీ. ఆసారి నైజీరియా తనవాళ్లని విమానాల్లో వెనక్కి తీసుకెళ్లింది, మీరు క్షమాపణ చెప్పడానికి ప్రత్యేక దూతని అబూజా పంపారు. అబూజాకి దూత వెళ్లాడు సరే, అలెగ్జాండ్రాకి ఎవరు వెళ్లారు? లుసాకాలో ఎవరు మనకి అన్నం పెట్టారో ఇలాంటి బస్తీలో ఇరవయ్యేళ్ల కుర్రాడికి జూలూలోనో సోతోలోనో కూర్చోబెట్టి చెప్పినవాడున్నాడా?

మా ఆఫీసులో స్టోరు చూసుకునే అతనిది బులవాయో. 2009లో జింబాబ్వే వాళ్లకని ప్రత్యేక పర్మిట్లు ఇచ్చారు, అలాంటివాళ్లు దాదాపు 1,78,000 మంది ఉన్నారు. 2021లో ఇక ఇవ్వం అన్నారు. అప్పట్నుంచీ గడువు పెంచడం, మళ్లీ పెంచడం. 2023 జూన్‌లో హైకోర్టు, జనాన్ని అడగకుండా రద్దు చెయ్యడం చెల్లదంది. ఇప్పుడు గడువు 2027 మే 28. పదిహేనేళ్లకు పైగా పన్ను కట్టాడు, ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టారు, ప్రతి గడువుకీ ముందు ఆర్నెల్లు టెన్షన్, బ్యాంకు అడుగుతుంది, బడి అడుగుతుంది, ఇంటి ఓనరు అడుగుతాడు. హరారేలో జరుగుతున్నది 2002లోనే ఒప్పుకుని ఉంటే ఇతను ఈపాటికి బులవాయోలోనే స్టోరు పెట్టుకుని ఉండేవాడేమో. నిజానిజాలు ఎవరికి తెలుసు, కానీ అతను అలాగే అంటాడు.

3. జేబులు. 2022 డిసెంబరులో లేడీ ఆర్ అనే రష్యా ఓడ సైమన్స్ టౌన్ నౌకా స్థావరంలో రాత్రిళ్లు సరుకు ఎత్తుకుందో దించుకుందో, దేశానికి తెలియదు. 2023 మేలో అమెరికా రాయబారి ఆ ఓడలోకి ఆయుధాలు ఎక్కించారని బహిరంగంగా అనేశారు. ఆ నెలలో ర్యాండ్ అంతకుముందెప్పుడూ లేనంత కిందకి జారింది. కరెంటు కోతలూ కారణమే, కాదనను. పెట్రోలు రేటు ర్యాండ్ని బట్టి, మినీబస్ టాక్సీ చార్జీ పెట్రోలుని బట్టి, పనిమనిషి ఇంటికి తీసుకెళ్లే రొట్టె ఆ చార్జీని బట్టి. నేను అమ్మకి పంపే డబ్బు కూడా ఆ నెల రూపాయల్లో తగ్గింది, ఫోన్లో ఏం చెప్పాలో తెలియక ఓడ కథంతా చెప్పాను, ఆవిడకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. రిటైర్డ్ జడ్జి ఆధ్వర్యంలో కమిటీ వేశారు, ఆయుధాలు ఎక్కించినట్టు ఆధారం లేదని సెప్టెంబరులో అధ్యక్షుడు చెప్పారు. మంచిదే. పూర్తి నివేదిక మాత్రం రహస్యం అన్నారు. తప్పు జరగలేదని చెప్పే నివేదికను దాచుకోవడం ఏ లెక్కల గుమాస్తాకీ అర్థం కాదు. ఆడిట్‌లో మేమిలా అంటే ఉద్యోగం పోతుంది.

4. తోటలు, క్లినిక్కులు. 2025లో అమెరికాతో ఎక్కడికక్కడ తెగింది. ఫిబ్రవరిలో సాయం ఆపేశారు, మార్చిలో మన రాయబారిని వెళ్లగొట్టారు, ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీ, ఆగస్టులో 30 శాతం సుంకం వేశారు. ఇందులో అమెరికా మొండితనమే ఎక్కువ, తెల్ల రైతులని ఊచకోత కోస్తున్నారన్న మాట పచ్చి అబద్ధం, అది నేనూ ఒప్పుకోను. కానీ అమెరికాకి నారింజ ఎక్కువగా పంపే సిట్రస్‌డాల్ లాంటి ఊళ్లో పండు ఏరే కూలీకి దౌత్యం చెయ్యి జారితే ఆ సీజన్ జీతం పోయినట్టే. నవంబరులో నారింజకి మినహాయింపు వచ్చింది, అప్పటికి సీజన్ అయిపోయింది. హెచ్ఐవీ సంగతీ అంతే. ఈ దేశంలో దాదాపు 80 లక్షల మందికి ఆ జబ్బుంది, మందులు చాలావరకు మన బడ్జెట్‌తోనే కొంటున్నారు, వాటిలో మా హైదరాబాద్ కంపెనీల మాత్రలూ ఉన్నాయి. అమెరికా డబ్బుతో నడిచింది మందులు అందించే మనుషుల జీతాలు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, రికార్డులు రాసేవాళ్లు. వేలమంది ఉద్యోగాలు పోయాయి. మాత్ర షెల్ఫులో ఉంటుంది, ఈ నెల ఫలానా అమ్మాయి రాలేదేంటి అని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు లేరు.

5. మాట విలువ. 2023 డిసెంబరు 29న గాజా మీద ఇజ్రాయెల్ చేస్తున్నది జాతి విధ్వంసమని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేశారు. ఆ రోజు నేను గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. జనవరి 26న కోర్టు తాత్కాలిక ఆదేశాలిచ్చినప్పుడు మా బిల్డింగులో జనం టీవీ చుట్టూ చేరారు. కానీ కేసు వేసిన వారానికి, జనవరి 4న, సూడాన్‌లో సైన్యంతో యుద్ధం చేస్తున్న ఆర్ఎస్ఎఫ్ దళాల నాయకుడు హెమెద్తీని ప్రిటోరియాలో అధ్యక్షుడు స్వాగతించి ఫొటో దిగారు. అక్కడి డార్ఫూర్ ప్రాంతంలో జాతి పేరు పెట్టి జనాన్ని చంపారన్న ఆరోపణలు ఎవరి మీదున్నాయో మీకు తెలియదా? యుద్ధం ఆపాలంటే అందరితో మాట్లాడాలి అంటారు. సరే, మాట్లాడండి, ఏం మాట్లాడారో చెప్పండి. 2022 మార్చిలో ఉక్రెయిన్ మీద ఓటింగులో తటస్థంగా ఉన్నారు, ఏడాది తిరిగేసరికి యుద్ధం మొదలైన తేదీ కలిసేలా మా డర్బన్ సముద్రంలోనే రష్యా, చైనా నౌకలతో విన్యాసాలు చేశారు. మీ ఇండియా కూడా తటస్థంగానే ఉంది కదా అని మా బంధువులే అంటారు. ఉంది, పైగా చవగ్గా చమురు కూడా కొంది. అయితే మానవ హక్కులే నా దీపం అని ఇండియా ఎప్పుడూ రాసివ్వలేదు, మీరు రాసిచ్చారు. ఈ తేడాకి ఖర్చు పడేది గాజా వాళ్ల మీదే, ఎందుకంటే మీరు రేపు ఎక్కడ నోరెత్తినా అవతలివాడు హెమెద్తీ ఫొటో తీసి చూపిస్తాడు.

ఇవి మంచి రాజ్యాంగం లేకపోవడం వల్ల వచ్చినవి కావు. బషీర్‌ని పోనివ్వడం చట్టవిరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. క్రిమినల్ కోర్టు నుంచి తప్పుకుంటామని మీరు కాగితం పంపితే, పార్లమెంటుని అడక్కుండా పంపడం చెల్లదని 2017లో హైకోర్టు కొట్టేసింది, మీరు వెనక్కి తీసుకున్నారు. 2023 బ్రిక్స్ సభకి పుతిన్ రాలేకపోయారంటే ఆయన మీదున్న క్రిమినల్ కోర్టు వారెంటుని ఇక్కడి కోర్టులు ఊరికే వదలవని అందరికీ తెలుసు కాబట్టి. చట్టం ఉంది. చట్టం గుర్తు చేసేదాకా మీరు కదలకపోవడమే బాధ.

అడిగేవి ఎక్కువేం కాదు. లేడీ ఆర్ నివేదిక పూర్తిగా బయటపెట్టండి, సైనిక రహస్యాలుంటే ఆ వాక్యాలకి నల్లరంగు పూసి మిగతాది ఇవ్వండి. గోమాలో ఏం జరిగిందో బహిరంగ విచారణ పెట్టండి, చనిపోయినవాళ్ల కుటుంబాలు ముందు వరసలో కూర్చునేలా. ఇకమీదట ఏ దేశానికైనా సైన్యం పంపాలంటే పార్లమెంటుకి ఉత్తరం రాసి ఊరుకోకుండా ముందే చర్చ పెట్టి ఓటు తీసుకోండి, ఎలా వెనక్కి రప్పిస్తారో కూడా ఆ చర్చలోనే చెప్పండి. ఐక్యరాజ్యసమితిలో వేసే ప్రతి ముఖ్యమైన ఓటుకీ నెలలోపల కారణం రాసి సభ ముందుంచండి, తటస్థంగా ఉంటే దానికి కూడా. ఎన్నికల పరిశీలకులను పంపితే వాళ్ల నివేదిక తొంభై రోజుల్లో జనానికి ఇవ్వండి, ఇంకో పన్నెండేళ్లు ఏ పత్రికనీ కోర్టుల చుట్టూ తిప్పకండి.

జింబాబ్వే పర్మిట్ల సంగతి 2027 మేకి వారం ముందు కాదు, ఇప్పుడే తేల్చండి. ఇన్నేళ్లు ఇక్కడ బతికినవాళ్లకి శాశ్వత నివాసానికి దారి చూపిస్తారో లేదో సూటిగా చెప్పండి. లేదంటే లేదనండి, అతను వేరే ఏర్పాటు చూసుకుంటాడు. ఇంకొకటి, దీనికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు: విదేశాంగ శాఖ వాళ్లు ఏడాదికి కొన్నిసార్లు ప్రిటోరియా దాటి అలెగ్జాండ్రాకి, ఉమ్లాజీకి, సిట్రస్‌డాల్‌కి రండి, అక్కడి భాషలో మాట్లాడే మనిషిని తీసుకుని రండి. ఒక దేశంతో మాట అనబోతున్నాం, దానివల్ల మీకు ఈ నష్టం రావచ్చు, వస్తే ఇలా ఆదుకుంటాం అని ముందే చెప్పండి. గాజా మీద కేసు వేసినందుకు నారింజకి సుంకం పడినా సరే భరిస్తాం అనేవాళ్లు ఈ దేశంలో మీరనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉన్నారు. 2008లో ఆ రేవు కార్మికులు నిలబడ్డారు మరి, ఎవరైనా అడిగితే కదా తెలిసేది.

ఓటు లేనివాడు ఇన్ని అడగొచ్చా అంటే, 1860లో ట్రూరో దిగినవాళ్లకీ లేదు.

ఈ లేఖకి ఇంగ్లీషులో జవాబిచ్చినా చదువుకుంటాను, జూలూలో ఇస్తే మా స్టోరు అతని చేత చదివించుకుంటాను. 'మీ ఉత్తరం అందింది' అని కంప్యూటర్ పంపేది మాత్రం వద్దు, అది నా దగ్గర ఒకటుంది.

ఇట్లు,
డర్బన్ నుంచి ఒక తెలుగు లెక్కల గుమాస్తా